ఫారం నింపేది ఎవరు?

ప్రజాపాలన దరఖాస్తుల రోజులు తెలంగాణలో చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటాయి. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 వరకు ఊరూరా, వార్డు వార్డునా ప్రభుత్వ పథకాల కోసం అభయహస్తం ఫారాలు తీసుకున్నారు. కోటీ 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. గ్యాస్ కనెక్షన్ నంబరు ఎంత, ఏడాదికి ఎన్ని సిలిండర్లు వాడతారు, కరెంటు మీటర్ నంబరు ఎంత, రైతువా కౌలు రైతువా అని ఆ ఫారం అడిగింది. అద్దె ఇంట్లో ఉండేవాళ్ల మీటర్ ఓనర్ పేరు మీద ఉంటుంది. కౌలు రైతుల్లో చాలామంది చేతిలో ఏ కాగితమూ ఉండదు. వాళ్లు ఆ గడుల్లో ఏం రాయాలి? జిరాక్స్ షాపు ముందో పంచాయతీ ఆఫీసు అరుగు మీదో, చదువుకునే పిల్లల్ని కూర్చోబెట్టి తోచింది రాయించుకున్నారు.

ఫారం తయారుచేసిన వాళ్ల మనసులో ఈ అరుగు ఉందా? ప్రభుత్వంలో డిజైన్ అనగానే మనకు లోగో, రంగులు, కొత్త యాప్ గుర్తొస్తాయి. మనిషిని కేంద్రంగా పెట్టుకుని డిజైన్ చేసేవాళ్ల అసలు పని అది కాదు. ఆ ఫారం ఎవరు నింపుతారు, ఎక్కడ కూర్చుని నింపుతారు, ఏ గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది అన్నది ముందు వెళ్లి చూడటం, చూసినదాన్ని బట్టి మార్పించడం వాళ్ల పని. బ్రిటన్, అమెరికా ప్రభుత్వాల్లో ఇదొక ఉద్యోగం. మన దగ్గర ఎక్కువగా ఇది టెండర్ గెలిచిన కంపెనీలో స్క్రీన్లు గీసే వ్యక్తి పనిగానే మిగిలిపోతోంది.

మీసేవ కౌంటర్ దగ్గర ఒక పూట కూర్చుంటే చాలా అర్థమవుతుంది. 2001లో ఈసేవ, 2011లో మీసేవ వచ్చిన దగ్గర్నుంచి మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ వెబ్‌సైట్‌ను ఎక్కువగా వాడేది పౌరుడు కాదు, కౌంటర్ వెనక ఉన్న ఆపరేటర్. తర్వాత ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగులు కూడా ఆ పనిలోకి వచ్చారు. వెంకటేశ్వర్లు పేరులో 'ఎస్' పక్కన 'హెచ్' ఆధార్‌లో ఉంటుంది, పాస్‌పుస్తకంలో ఉండదు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం. పెళ్లయిన ఆడవాళ్లకైతే ఇంటిపేరే రెండు రకాలు. పుట్టిన తేదీ తెలియనివాళ్లకు ఆధార్‌లో జనవరి 1 పడింది. ఓటీపీ వెళ్లేది హైదరాబాద్‌లో పనిచేసే కొడుకు ఫోన్‌కి, ఆ సమయంలో అతను డ్యూటీలో ఉంటాడు. వెనక క్యూ పెరుగుతుంటే ఆపరేటర్ టెన్షన్‌లో తప్పు గడి నొక్కుతాడు. ఇవన్నీ తెలియకుండా హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ఏసీ గదిలో పాసైన స్క్రీన్ మండలంలో ఫెయిలవుతుంది. కౌంటర్‌కు ఇటూ అటూ ఉన్న ఇద్దరి కోసం డిజైన్ చేయాలి. అవతలి మనిషి చేతికి ఇచ్చే రశీదు కూడా డిజైనే. 'పరిశీలనలో ఉంది' అని ఉంటే ఆ మనిషికి తెలిసేదేమీ లేదు. ఎవరి దగ్గర ఉంది, ఎప్పటికి తేలుతుంది, తేలకపోతే ఎవరిని అడగాలి అన్నది అందులో ఉండాలి.

తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి కథను నేను ఇలాగే చదువుతాను. 2020 అక్టోబర్ 29న మొదలైన ఆ పోర్టల్‌లో మంచి లేదనడం అన్యాయం. తహసీల్దార్ ఆఫీసులోనే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే రోజు అయిపోవడం రైతుకు నిజంగా పెద్ద ఊరట. కాగితాలు సక్రమంగా ఉన్న రైతుకు అది హాయిగా పనిచేసింది. కానీ అందులోకి చేరిన వివరాలు 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన నుంచి వచ్చాయి. ఆ హడావిడిలో విస్తీర్ణం తగ్గినవాళ్లు, పేరు తప్పు పడ్డవాళ్లు, సర్వే నంబరే మాయమైనవాళ్లు ఉన్నారు. వివాదం ఉందంటూ పార్ట్-బిలో పడేసిన భూములు ఉన్నాయి. ఆ రైతు ముందు పోర్టల్ పెట్టింది మాడ్యూళ్ల జాబితా, అంటే ఒక్కో రకం పనికి ఒక్కో దరఖాస్తు. తన బాధ ఏ మాడ్యూల్ కిందికి వస్తుందో రైతే చెప్పాలి. తప్పు ఎంచుకుంటే తిరస్కరణ, మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు. తప్పులు దిద్దమని అడిగే మాడ్యూల్ టీఎం-33. ఆ మాట ఊళ్లలో చదువురాని వాళ్ల నోట కూడా వినిపించిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

బటన్ల పేర్లు మార్చి ఉంటే ఇది సరిపోయేదా? సరిపోదు. తప్పు దిద్దే అధికారం తహసీల్దార్‌కు లేకుండా చేసింది స్క్రీన్ కాదు, దాని వెనక ఉన్న నిబంధన. రెవెన్యూ కోర్టులు తీసేసి, వివాదమొస్తే సివిల్ కోర్టుకు పొమ్మన్నది ధరణితోపాటు వచ్చిన 2020 భూమి హక్కుల చట్టం. అదే సమయంలో వీఆర్వో వ్యవస్థనూ రద్దు చేశారు. వీఆర్వోల మీద ఫిర్యాదులు నిజమే. అయినా ఫలానా చెలక ఎవరు దున్నుతున్నారో తెలిసిన మనిషి ఊళ్లో లేకుండా పోయాడు. ఇంత నిర్ణయమైపోయాక వచ్చే డిజైనర్ చేయగలిగేది అక్షరాల సైజు పెంచడమే. 2024 ఫిబ్రవరి చివర్లో దిద్దుబాటు అధికారాలను తహసీల్దార్లకు, ఆర్డీవోలకు పంచినప్పుడు పెండింగ్ దరఖాస్తులకు దారి దొరికింది. నా దృష్టిలో ధరణికి జరిగిన అతి పెద్ద డిజైన్ మార్పు ఆ ఉత్తర్వే.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పేదలు సాయం కోసం నింపాల్సిన ఫారం ఒకప్పుడు 40 పేజీలు దాటి ఉండేది. వెయ్యికి పైగా ప్రశ్నలు. డెట్రాయిట్‌లోని సివిల్లా అనే సంస్థ ముందుగా దరఖాస్తుదారులతో, కౌంటర్ సిబ్బందితో కూర్చుంది. పై అధికారుల చేతికీ ఆ ఫారం ఇచ్చి నింపమంది. తర్వాత ఒక్కో ప్రశ్నా పట్టుకుని, ఇది ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నారు అని తేల్చుకుంటూ పోయింది. ఆధారం దొరకని ప్రశ్నలు పోయాయి. 2018లో వచ్చిన కొత్త ఫారం పాతదానికంటే 80 శాతం చిన్నది. మన ఆఫీసుల్లో 'మొదటి నుంచీ అడుగుతున్నాం' అన్న జవాబుతో బతికే గడులు ఎన్నో ఉన్నాయి. వాటిని కొట్టేయించడానికి చట్టం చదివే ఓపిక, శాఖలో కొంత పలుకుబడి కావాలి.

పలుకుబడి విషయంలో బ్రిటన్ చాలా ముందుచూపుతో వ్యవహరించింది. 2011లో ఏర్పడిన గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ పెట్టుకున్న మొదటి సూత్రం, ప్రజల అవసరంతో మొదలుపెట్టాలన్నది. సూత్రాలు ఎవరైనా రాస్తారు. అక్కడ శాఖలు పెద్ద ఐటీ ఖర్చు పెట్టాలంటే ఆ బృందం అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. 2014 నుంచి కొత్త ఆన్‌లైన్ సేవలు పరీక్షకు నిలబడాల్సి వచ్చింది. డబ్బు ఆపగలిగిన బృందం మాట శాఖలు విన్నాయి. ఆ రక్షణ లేకపోతే ఏమవుతుందో అమెరికా చూపించింది: ప్రభుత్వంలోనే ఉండి ఇలాంటి పని చేసేందుకు 2014లో మొదలైన 18ఎఫ్ బృందాన్ని 2025 మార్చిలో రాత్రికి రాత్రే ఎత్తేశారు. అందుకే ఈ పని కన్సల్టెంట్ల మీద కాకుండా శాఖలోని శాశ్వత పోస్టుల మీద నిలబడాలంటాను.

మన టెండర్ పద్ధతిలో ఏం కట్టాలో ముందే రాసేస్తారు. తక్కువకు కోట్ చేసినవాళ్లకు పని వెళ్తుంది. ప్రారంభోత్సవం తేదీ అంతకంటే ముందే ఖరారై ఉంటుంది. ఆ తర్వాత పల్లెలో ఏదో తేడా కనిపించి మార్చమంటే అది 'చేంజ్ రిక్వెస్ట్' అవుతుంది, దానికి వేరే డబ్బు. కాబట్టి డిజైనర్ కౌంటర్ దగ్గర కూర్చోవాల్సింది టెండర్ రాయకముందు. ఆంధ్రలో 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన మన మిత్ర వాట్సాప్ పాలన నాకు నచ్చింది, ఎందుకంటే జనానికి ముందే అలవాటైన చోటికి ప్రభుత్వం వెళ్లింది. కానీ ఒక సర్టిఫికెట్‌కు నాలుగు కాగితాలు కావాలన్న నిబంధన అలాగే ఉంటే, వాట్సాప్ కూడా ఆ నాలుగే అడుగుతుంది.

తెలంగాణలో ఇప్పుడు మంచి అవకాశం ఉంది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి మొదలైంది. తిరస్కరిస్తే అప్పీలుకు వెళ్లే దారి చట్టంలోకి తిరిగి వచ్చింది. 33 మాడ్యూళ్లను 6కు కుదిస్తున్నామని ప్రభుత్వం చెప్పింది. ముందు మద్దూరు, నేలకొండపల్లి, లింగంపేట, వెంకటాపూర్ మండలాల్లో, తర్వాత జూన్‌లో రాష్ట్రమంతా రెవెన్యూ సదస్సులు పెట్టారు. లక్షల్లో దరఖాస్తులు వచ్చాయి. వాటిని పరిష్కరించాల్సిన ఫైళ్లుగా లెక్కపెడుతున్నారు, అది అవసరమే. దానితోపాటు ఒక చిన్న బృందం ఆ కాగితాలను ఒక్కొక్కటిగా చదవాలి. రైతు తన సమస్యను ఏ మాటల్లో రాసుకున్నాడు, ఆపరేటర్ దాన్ని ఏ గడిలోకి మార్చాడు, తప్పు అసలు ఎక్కడ పుట్టింది అన్నది చూడాలి. మొదలుపెట్టడానికి ఆ నాలుగు మండలాలు చాలు.