గౌరవనీయులైన డైట్ చార్ట్ గారికి

నమస్కారం. మా ఫ్రిజ్ తలుపు మీద మీరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమం కాదు. మిమ్మల్ని నా చేతిలో పెట్టిన మహారాణిపేట ఆసుపత్రిలోనే మొన్న పొద్దుట్నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఖాళీ కడుపుతో కూర్చుని, నా కడుపు వాపుకి కారణమైన బ్యాక్టీరియా ఉందో లేదో ఊపిరి ఊదించి చూసే పరీక్ష చేయించుకోకుండానే గాజువాక తిరిగొచ్చాను. ఒక లీవు కూడా పోయింది.

నేను కూర్చున్న కుర్చీ పైన గోడకి మీ పెద్ద సైజు కాపీ ఒకటి అంటించి ఉంది. అందులో ఎర్ర అక్షరాలతో 'వేళకు తినాలి, కడుపు ఖాళీగా ఉంచరాదు' అని రాసుంది. దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ హాల్లో చదవడానికి ఇంకేమీ లేదు మరి.

తీరా నా టోకెన్ వచ్చాక లోపలి కుర్రాడు అడిగాడు, "గ్యాస్ టాబ్లెట్ వాడుతున్నారా సార్?" వాడుతున్నాను. మీ డాక్టరుగారే రాశారు, మీ కౌంటర్లోనే కొన్నాను. "అయితే రెండు వారాలు ఆపి రండి సార్. అది వేసుకుంటే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు చూపించొచ్చు." ఆ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. గ్యాస్ టాబ్లెట్ లాంటి యాసిడ్ తగ్గించే మందు వాడుతుంటే ఊపిరి పరీక్షలో హెచ్ పైలోరి అనే ఆ బ్యాక్టీరియా దొరక్కుండా దాక్కోవచ్చు. ఈమధ్య యాంటీబయోటిక్ వాడి ఉంటే నాలుగు వారాలు ఆగాలి. ఈ ముక్క ముందే చెప్పాల్సింది ఎవరండీ? మీలో జాగా లేదంటే నమ్మను. అవకాడోకి జాగా ఉంది, బ్రోకలీకి ఉంది. పూర్ణా మార్కెట్లో వంకాయలమ్మే ఆవిడని అవకాడో అడిగితే నన్ను ఎగాదిగా చూసింది. ఆ టాబ్లెట్ ఆపిన రెండు వారాలూ మంటొస్తే ఏం చెయ్యాలో చెప్పడానికి మాత్రం మీకు ఒక్క లైను దొరకలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. మీకు కారం మీద ఎందుకండీ ఇంత కక్ష? మొదటి లైను 'కారం మానాలి', మూడోది 'మసాలా మానాలి', ఏడోది మళ్లీ 'మిర్చి మానాలి'. మీరు గడప తొక్కిన రోజు నుంచి మా ఇంట్లో అందరూ పోలీసులైపోయారు. మా ఆవిడ పోపులో ఎండుమిరపకాయ లెక్కపెట్టి వేసి, లెక్కపెట్టి తీసేస్తోంది. బీచ్ రోడ్డులో ముంత మసాలా బండి దగ్గర నిలబడితే మా బామ్మర్ది దూరం నుంచే కేక వేస్తాడు, "ఏటి బావా, కారం ఇంకా మానీలేదేటి?" అని. నా కడుపు వాచిందంటే నా నాలుక చేసిన పాపమేనని వీధి వీధంతా తీర్పిచ్చేసింది. సాక్ష్యం మీరే.

1984లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ అనే డాక్టరు ఆ హెచ్ పైలోరి బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని గటగటా తాగేశారు. కొద్ది రోజుల్లోనే వాంతులు పట్టుకున్నాయి. గొట్టం వేసి చూస్తే కడుపు లోపలి పొర వాచి ఉంది. ఈ బ్యాక్టీరియా సంగతి తేల్చినందుకే ఆయనకీ రాబిన్ వారెన్‌కీ 2005లో నోబెల్ ఇచ్చారు. మార్షల్ తాగినదాంట్లో గుంటూరు మిరపకాయ లేదండీ. ఈ బ్యాక్టీరియా పట్టినవాళ్లకి కడుపు పొరలో వాపు ఏళ్ల తరబడి ఉంటుంది. చాలామందికి అది తెలియను కూడా తెలియదు. ఉందని తేలితే రెండు వారాల యాంటీబయోటిక్ కోర్సుతో పోవాలి గానీ, చప్పిడి కూడు తిన్నంత మాత్రాన పోదు. కారం తింటే మంట ఎక్కువవుతుందా? కొందరికి అవుతుంది, నాకూ కొన్నిసార్లు అవుతుంది. అలాంటివాళ్లు తగ్గించుకోవాలి, ఒప్పుకుంటాను. కానీ మంట పెంచేదీ జబ్బు తెచ్చేదీ ఒకటేనా?

ఇక నొప్పి మాత్రలు. మా ప్లాంటులో మోకాలు పట్టనివాడు లేడు. షిఫ్టు దిగి మందుల షాపుకెళ్లి "అన్నా, మోకాలు" అంటే చాలు, డైక్లోఫెనాక్ బిళ్లలు నాలుగు కత్తిరించి చేతిలో పెడతారు. "ఏదైనా తిని వేసుకో" అనేదొక్కటే జాగ్రత్త. తిని వేసుకున్నా సరే, ఆ మందు రక్తంలో కలిసి కడుపు పొరని కాపాడే పదార్థాల తయారీనే తగ్గించేస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, అన్నీ ఆ బాపతే. గుండెకని డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ని సొంతంగా ఆపకూడదు, అడిగి తీరాలి. అడగమని చెప్పేవాళ్లేరి? నీకు కళ్లు లేవా? కడుపు నొప్పని వచ్చిన మనిషిని మోకాలికి ఏం మింగుతున్నావని అడగవా? పులిహోర తిన్నావా, బజ్జీ తిన్నావా అని మాత్రం ఆరా తీస్తావు!

క్షమించండి, ఏకవచనం దొర్లింది. ఆకలి మీదున్న మనిషిని.

పాలు తాగమన్నారు. తాగితే కాసేపు చల్లగా ఉంటుంది, తర్వాత ఆ పాలే మళ్లీ యాసిడ్ ఊరిస్తాయి. రాత్రి ఏడింటికల్లా భోజనం ముగించమన్నారు. బీ షిఫ్టు పదింటికి దిగుతుందండీ, ఫోర్‌మన్‌కి మీరే ఒక ఉత్తరం రాయండి. టెన్షన్ పడొద్దన్నారు, బిల్లు కట్టించుకున్నాక. మందు, సిగరెట్ మీకు చివరి లైనులో గుర్తొచ్చాయి. అదీ జిరాక్సు మీద జిరాక్సు తీసి సగం చెరిగిపోయింది.

ఉప్పు ఊసే లేదు. రోజుకి 5 గ్రాముల లోపే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మనం ఆవకాయ, మాగాయ, అప్పడాలు, హార్బర్ నుంచి తెచ్చిన ఎండుచేపలు అన్నీ కలిపి ఎంత తింటామో మీరెన్నడైనా అడిగారా? ఆ బ్యాక్టీరియా ఉన్న కడుపుకి ఉప్పెక్కువైతే పొర మరింత దెబ్బతింటుంది, క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. మీరేమో ఆవకాయలో కారాన్ని పట్టుకున్నారు, ఉప్పుని వదిలేశారు.

నావి రెండే కోరికలు. 'ఏ నొప్పి మాత్రలు వాడుతున్నారు?' అని మొదటి లైనులో వెయ్యండి. పరీక్షకి ముందు ఏ మందు ఎన్నాళ్లు ఆపాలో రెండో లైనులో వెయ్యండి. అవకాడో తీసేస్తే ఈ రెండూ పడతాయి.

ఎండుచేపలు మానేస్తున్నాను, మీరు చెప్పారని కాదు. పప్పుచారు మాత్రం ఈ రాత్రి డ్యూటీ దిగాక పోసుకుంటాను. మండితే రేపు మానేస్తాను. అది నాకూ నా కడుపుకీ మధ్య వ్యవహారం, మా బామ్మర్దికి చెప్పకండి.

ఇట్లు,
బీ షిఫ్టు బస్సుకి టైమైపోతున్న మీ పేషెంటు