డ్రైవరు భోజనం ఎక్కడ రాశావు?

మా స్కాట్లండ్ ప్రయాణం సంక్రాంతి సెలవుల్లో, గుంటూరు బ్రాడీపేటలోని పెదనాన్నగారింటి డాబా మీద తయారైంది. తయారు చేసింది నేనే. పద్దెనిమిదేళ్ళుగా అమెరికాలో ఉంటున్నదాన్ని, ఉద్యోగంలో పదిమంది పనికి గడువులు పెట్టేదాన్ని, నాకు కాక ఇంకెవరికి చేతనవుతుందని ధీమా. జూన్‌లో పెదనాన్న, పెద్దమ్మ, అన్నయ్య గుంటూరు నుంచి, నేను న్యూజెర్సీ నుంచి బయలుదేరి ఎడింబరోలో కలుసుకోవాలి. ఆపైన ఆరు రోజులు కారులో. ఇన్వర్‌నెస్ కోట దగ్గర మొదలై, ఉత్తర తీరమంతా చుట్టి, తిరిగి అక్కడికే చేరే 516 మైళ్ళ దారి ఒకటుంది. నార్త్ కోస్ట్ 500 అంటారు. అది మొత్తం, దానికి తోడు స్కై దీవి, వచ్చేటప్పుడు గ్లెన్‌కో లోయ. గళ్ళకు రంగులు కూడా వేసి పట్టికను పెదనాన్న ముందు పెట్టాను.

ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. శ్రీశైలం సర్వీసు చాలా ఏళ్ళు నడిపారు. కళ్ళజోడు సవరించుకుని, పై గడి నుంచి కింది గడి దాకా చదివి, ఒక్క మాట అడిగారు.

"డ్రైవరు భోజనం ఎక్కడ రాశావమ్మా?"

రాయలేదు.

ప్రవాసులం కదా, ఏ దేశం వెళ్ళినా దారి మనకే తెలుసనుకుంటాం. ఊరి నుంచి వచ్చేవాళ్ళను వెనక సీట్లో కూర్చోబెట్టి, కిటికీలోంచి చూడమంటాం. ఈ అలవాటు మానుకోవాలని నా వాదన. పాస్‌పోర్టులో ముద్రలు ఎక్కువైతే రోడ్డు ఎక్కువ తెలిసినట్టేనా? సంఘం వనభోజనాల దగ్గర చెవిన పడే సెలవుల కబుర్లు గుర్తు చేసుకోండి. ఎన్ని ఊళ్ళు చుట్టామన్న లెక్కే తప్ప, ఫలానా ఊళ్ళో మధ్యాహ్నం కాళ్ళు చాపుకుని కూర్చున్నామని చెప్పినవాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు.

అమెరికా హైవేల మీద అరవై మైళ్ళంటే గంట. ఆ లెక్క నా ఒంట్లో ఇంకిపోయింది. స్కాట్లండ్ వాయవ్య మూల చాలా రోడ్లు ఒక్క బండి పట్టేంత సన్నం. ఆ సంగతి చదివాను కూడా, అయినా పట్టికలో గంటకు యాభై మైళ్ళే వేశాను. "దోర్నాల నుంచి శ్రీశైలం యాభై కిలోమీటర్లే. గంటలో చేర్చమను చూద్దాం," అన్నారు పెదనాన్న. ఆ వెంటనే, "అక్కడ ఘాట్ ఉందా?"

ఉంది. ఆపిల్‌క్రాస్ అనే ఊరికి వెళ్ళే బెలఖ్ నా బా కనుమ. దాదాపు సముద్రమట్టం నుంచి 626 మీటర్ల ఎత్తుకు, మెలికలు తిరిగే ఇరుకు దారిలో ఎక్కాలి. డ్రైవింగ్ నేర్చుకుంటున్నవాళ్ళూ పెద్ద బళ్ళూ ఇటు రావద్దని మొదట్లోనే బోర్డు ఉంటుంది. నేను దాన్ని నాలుగో రోజు సాయంత్రం, ఐదు గంటల ప్రయాణం తరువాత ఇరికించాను.

"నల్లమలలో రాత్రి తొమ్మిదికి గేట్లు వేసేస్తారు. అక్కడ పొద్దు ఎప్పుడు గూకుతుంది?" అని అడిగారు. జూన్‌లో రాత్రి పది దాటాకే అని గొప్పగా చెప్పాను.

"వెలుతురు ఉంటుంది సరే, అన్నం ఉంటుందా?"

ఫోనులో వెతికితే, ఆ చిన్న ఊళ్ళలో చాలా హోటళ్ళు తొమ్మిది కాకుండానే వంట కట్టేస్తాయని తేలింది. ఈలోగా మోకాళ్ళ నొప్పుల పెద్దమ్మ, బాత్‌రూమ్ కోసం ఎక్కడెక్కడ ఆగుతామని అడిగింది. దానికీ నా దగ్గర గడి లేదు.

ఇక కారు ఎవరు నడపాలి? నేనే అనుకున్నాను, ఎవరూ అడగకుండానే. బ్రిటన్‌లో ఎడమ పక్కన నడపాలి. అద్దె కార్లలో గేర్లవి చౌక, ఆటోమేటిక్ కావాలంటే ఎక్కువ ఇచ్చుకోవాలి. కుడి పక్కన, గేరు ముట్టుకోకుండా నడిపి నడిపి పాడైపోయినదాన్ని నేను. అన్నయ్య మిర్చి యార్డు పని మీద రోజూ పల్లెలకు తిరుగుతాడు, ఎడమ పక్కనే, గేర్ల బండే. సందర్శకులు భారత లైసెన్సుతో అక్కడ పన్నెండు నెలల వరకు కారు నడపవచ్చు. అందుకని స్టీరింగ్ అన్నయ్యకు ఇచ్చి, నేను మ్యాపు చూసే పని తీసుకున్నాను.

కాగితాల సంగతి రెండు మాటల్లో: గ్రీన్ కార్డు ఉన్నా భారత పాస్‌పోర్టు అయితే బ్రిటన్ వీసా తీసుకోవలసిందే. అమెరికా పాస్‌పోర్టు ఉంటే ముందుగా ఈటీఏ అనే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి తీసుకుంటే చాలు. ఇంకొకటి, భారతదేశం నుంచి పాల పదార్థాలు అక్కడికి తీసుకెళ్ళకూడదు. పెద్దమ్మ కాచిన నెయ్యి సీసా పెట్టెలోంచి తీయించడానికి నాకు వీసా కంటే ఎక్కువ కష్టమైంది.

చివరికి పెదనాన్న నా పట్టికలో సగం కొట్టేశారు. స్కై పోయింది, గ్లెన్‌కో పోయింది, తూర్పు తీరం మొత్తం పోయింది. ఇన్వర్‌నెస్‌లో ఒక రాత్రి, అల్లాపూల్‌లో రెండు, లాఖ్‌కారన్‌లో రెండు. ఎడింబరో నుంచి ఇన్వర్‌నెస్ వెళ్ళే రోజు తప్పిస్తే, రోజుకు నాలుగు గంటలకు మించి చక్రం తిరగకూడదని షరతు.

ఆ ఇరుకు రోడ్ల మీద అక్కడక్కడ ఎదురుబండికి తప్పుకోవడానికి కాస్త వెడల్పు చోటు వదిలి, బోర్డు పెడతారు. మన ఎడమ పక్కన ఉంటే అందులోకి వెళ్ళి ఆగాలి, కుడి పక్కన ఉంటే దానికి ఎదురుగా మన వైపే ఆగాలి. వెనక స్థానికులు తొందరలో ఉంటే వాళ్ళకూ దారి ఇవ్వాలి. నేను నియమాలు చదివి వినిపిస్తుంటే, "కాలువ గట్టు మీద వరిగడ్డి ట్రాక్టరు ఎదురైతే ఏం చేస్తామో అదే కదా," అన్నాడు అన్నయ్య. దాటిపోయిన ప్రతివాళ్ళూ చెయ్యెత్తి పలకరిస్తుంటే తెగ సంబరపడ్డాడు. ఆ చోట్లలోనే కారు ఆపి ఫొటోలు దిగే పర్యాటకులను చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండింది. వాళ్ళలో మన భాష కూడా వినిపించింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది.

బెలఖ్ నా బా కోసం ఒక ఉదయమంతా వదిలాం. పైకి చేరేసరికి తెల్లటి మబ్బు. పక్కన నిలిపిన కారు కూడా సరిగా కనబడలేదు. నా పాత పట్టిక ప్రకారమైతే దిగి ఒక ఫొటో తీసుకుని పరుగెత్తేవాళ్ళం. కారులోనే కూర్చుని ఫ్లాస్కులో టీ, డబ్బాలో జంతికలు. గంటన్నర తరువాత మబ్బు విడి, సముద్రం అవతల స్కై కొండలు పది నిమిషాలు కనిపించి మళ్ళీ మూసుకుపోయాయి. పెదనాన్న ఆ పది నిమిషాలూ కొండల వంక చూడలేదు, తల వంచి కింద మలుపులు లెక్కపెడుతూ నిలబడ్డారు.

పెద్దమ్మ మాత్రం ఇప్పటికీ ఫోను చేసినప్పుడల్లా సణుగుతుంది. ఎదురింటివాళ్ళ అబ్బాయి తల్లిదండ్రులను ఈశాన్య కొసన ఉన్న జాన్ ఓ గ్రోట్స్ అనే ఊరి దాకా తీసుకెళ్ళాడట, అంత దూరం వెళ్ళి మనం ఆ చివరి ఊరు చూడకుండా వచ్చేశామట.