సిమెంటు తగ్గించొచ్చు, క్యూరింగ్ తగ్గించకూడదు

సిమెంటు బట్టీని పూర్తిగా సౌర విద్యుత్తుతో నడిపినా టన్ను క్లింకరుకు (పొడి చేస్తే సిమెంటు అయ్యే, బట్టీలో కాల్చిన గడ్డలకు) సుమారు అర టన్ను కార్బన్ డయాక్సైడ్ వెలువడక తప్పదు. అది ఇంధనం పొగ కాదు, వేడికి సున్నపురాయిలోంచే విడిపోయే వాయువు. కాబట్టి కాంక్రీటులో క్లింకరు వాటా తగ్గించడమే దగ్గరి దారి. అందుకు పనికొచ్చే ఫ్లైయాష్, అంటే బొగ్గు కాలాక మిగిలే సన్నని బూడిద, రామగుండం, సింహాద్రి థర్మల్ కేంద్రాల నుంచే దొరుకుతోంది.

"బూడిద కలిపితే స్లాబు నిలవదు" అనే మాట సైట్లలో ఇంకా వినిపిస్తుంది. తప్పు బూడిదది కాదు. సిమెంటు తడిసినప్పుడు పుట్టే కాల్షియం హైడ్రాక్సైడ్‌తో, అంటే సున్నంతో, బూడిదలోని సిలికా మెల్లగా కలిసి గట్టిపడుతుంది. దానికి వారాలు పడుతుంది, తేమ ఆరకూడదు. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, బూడిద కలపని మామూలు సిమెంటు (ఓపీసీ)కి 7 రోజుల క్యూరింగ్, అంటే తడి ఆరకుండా ఉంచడం, చాలు. బూడిద ఉంటే కనీసం 10, వీలైతే 14 రోజులు తడపాలి. మన దగ్గర నాలుగో రోజుకే గోనెపట్టాలు ఎండిపోతాయి, ఆరో రోజుకు సెంట్రింగ్ (స్లాబు కింది ఆధారం) విప్పే తొందర మొదలవుతుంది.

ఒక ఘనపు మీటరు ఎం25 రకం బలమున్న కాంక్రీటు తీసుకోండి. ఓపీసీ 238 కిలోలు, ఫ్లైయాష్ 102 కిలోలు, నీళ్లు 153 లీటర్లు. సిమెంటు, బూడిద కలిపిన బరువుకు నీళ్ల నిష్పత్తి 0.45. మాల్ బిగుసుకుందని మేస్త్రీ మరో 20 లీటర్లు పోస్తే నిష్పత్తి 0.51కి చేరి, బలం పడిపోతుంది. నీళ్లకు బదులు ప్లాస్టిసైజర్ (మాల్‌ను పలచబరిచే మందు) వాడాలి. అది కూడా బూడిదలో కాలని బొగ్గు ఎక్కువుంటే పనిచేయదు, బొగ్గే మందును పీల్చేసుకుంటుంది. అందుకే లోడు దించుకునే ముందు పరీక్ష నివేదికలో ఎల్‌ఓఐ (కాలని బొగ్గు ఎంతుందో చెప్పే అంకె) 5 శాతం లోపు ఉందో లేదో చూడాలి. ఇంకో పొరపాటు, పీపీసీ (బూడిద కలిపి అమ్మే సిమెంటు) బస్తాలో 15 నుంచి 35 శాతం బూడిద ముందే ఉందని మరచి సైట్‌లో మళ్లీ కలపడం. బూడిద కలపాలనుకుంటే ఓపీసీయే కొనాలి, తట్టల లెక్క కాకుండా తూకం వేయాలి.

క్యూరింగ్ సరిపోని స్లాబుకు ఇంకో ముప్పూ ఉంది. బూడిద సున్నాన్ని వాడేసుకుంటుంది గనుక కడ్డీని కాపాడే క్షారం తగ్గుతుంది. పైపొర గుల్లగా ఉంటే గాలి లోపలికెళ్లి తుప్పు త్వరగా పడుతుంది. అందుకే కడ్డీకి, కాంక్రీటు పైపొరకు మధ్య దూరం ఉంచే కవర్ బ్లాకుల విషయంలో రాజీ పడకూడదు.

బొగ్గు కేంద్రాలు తగ్గే కొద్దీ బూడిదా తగ్గుతుంది. అప్పటికి ఆధారం ఎల్‌సీ3 అనే కొత్త రకం సిమెంటు. సుమారు 50 శాతం క్లింకరు, 30 శాతం కాల్చిన మట్టి, 15 శాతం సున్నపురాయి పొడి, మిగతాది జిప్సం. మట్టిని 700 నుంచి 850 డిగ్రీల దగ్గర కాలిస్తే చాలు, క్లింకరుకైతే 1450 కావాలి. 2023లో దీనికి ఐఎస్ 18189 ప్రమాణం కూడా వచ్చింది. కానీ ఇది నీళ్లు ఎక్కువ అడుగుతుంది, త్వరగా బిగుస్తుంది. మాల్‌లో నీళ్లు పోసే అలవాటు మారకపోతే ఇదీ బూడిదలాగే చెడ్డపేరు తెచ్చుకుంటుంది.

ప్రభుత్వ టెండర్లలో క్యూరింగ్‌ను విడి పద్దుగా రాసి, 14 రోజుల తడి నమోదయ్యాకే బిల్లు చెల్లించాలి. 28 రోజుల క్యూబులతో (బలం చూడటానికి పోసే కాంక్రీటు దిమ్మెలు) పాటు 56 రోజుల క్యూబులనూ పరీక్షించాలి. బూడిద కాంక్రీటు అసలు బలం అక్కడే తెలుస్తుంది.