కొండ మీది రిపీటర్ గారికి, కింద వింటున్నవాళ్ళు వ్రాసుకున్నది

హ్యామ్ రేడియోవాళ్ళ మాటను అందుకుని అప్పటికప్పుడే దూరానికి మళ్ళీ పలికే మహారాజశ్రీ రిపీటర్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మీ క్షేమసమాచారం వేరే అడగనక్కర్లేదు. పది నిమిషాలకోసారి మీ కాల్‌సైన్‌ను (గాలిలో మీ గుర్తింపు పేరును) మీరే మోర్స్‌లో టిక్కుటిక్కుమంటున్నారు. వారం మొత్తమ్మీద మీ నోటినుంచి వచ్చే మాట అదొక్కటే. మీ మౌనవ్రతం చూసి స్వామీజీలు కూడా కుళ్ళుకోవాలి.

మీ ప్రతిభను శంకించడం లేదండోయ్. ఒక చెవితో 145.050 మెగాహెర్ట్జ్ వింటూ, అదే క్షణంలో 145.650లో అరవగలరు. మధ్య ఎడం 600 కిలోహెర్ట్జ్, అంటే అర శాతం కూడా కాదు. 25 వాట్ల మీ అరుపు, మైక్రోవోల్టులో చిన్న ముక్కను కూడా పట్టే మీ చెవిలోనే పడకుండా, వినేదాన్నీ పలికేదాన్నీ విడదీసే డ్యూప్లెక్సర్‌లోని ఆరు కేవిటీ డబ్బాలు రాత్రింబవళ్ళు కాపలా కాస్తున్నాయి. చందాలేసుకుని కొన్న ఇంత సరంజామా ఏం చేస్తోందయ్యా అంటే, నిశ్శబ్దాన్ని మూడు మండలాల దాకా మోసుకెళ్తోంది.

జనం లేక కాదు. సెట్లు ఆన్‌లోనే ఉన్నాయి. రాజుగారు ఊరంతా చెంబుడేసి పాలు పొయ్యమంటే తెల్లారేసరికి గంగాళం నిండా నీళ్ళున్న కథే ఇది. ‘ఎవరో ఒకరు పిలవకపోతారా’ అని అందరూ వింటూ కూర్చున్నారు. పైగా ‘రిపీటర్ పనిచేస్తోందా?’ అని వాట్సాప్‌లో అడుగుతారు. పదకొండు మంది బొటనవేలు చూపిస్తారు. ఆ వేలే సెట్టు మీది పీటీటీ (నొక్కి మాట్లాడే) బటన్ మీద పడితే ప్రశ్నకు జవాబు దానంతటదే వచ్చేది.

కొత్తగా లైసెన్సుతో వీయూ3 కాల్‌సైన్ తెచ్చుకున్న కుర్రాడి సంగతి ఇంకా అన్యాయం. చేతిలో బావోఫెంగ్ యూవీ-5ఆర్ సెట్టు. పై వరుసలో, ఫ్రీక్వెన్సీ మోడ్‌లో 145.650 కొట్టి, మెనూ 25లో మైనస్, 26లో ఆ 600 కిలోహెర్ట్జ్ ఎడం 000.600, 13లో మిమ్మల్ని నిద్రలేపడానికి మాటతోపాటు పంపే టోన్ (88.5 హెర్ట్జ్ అనుకుందాం) పెట్టాలని వాడికి చెప్పేదెవరు? 13కు బదులు 11లో పెడతాడు. అది వినే టోన్, అది వస్తేనే సెట్టు పలుకుతుంది. మీరు టోన్ పంపని రకమైతే వాడి సెట్టు మూగబోతుంది, మీరే చచ్చిపోయారని వాడు అనుకుంటాడు. అన్నీ సరిగ్గా పెట్టినా, నొక్కిన క్షణానే మాట్లాడేస్తాడు. మీరు టోన్ గుర్తుపట్టి నిద్రలేవడానికి అర సెకను పడుతుంది కదా, కాల్‌సైన్‌లో ‘విక్టర్ యూనిఫాం’ ఎగిరిపోయి ‘త్రీ’ దగ్గర్నుంచి వినిపిస్తుంది. దాంతో సిగ్గుపడి, మర్నాడు మాట్లాడకుండా ఒట్టిగా నొక్కి వదులుతాడు. అప్పుడు లేస్తారండీ పెద్దలు! నెలరోజులుగా గొంతు విప్పనివారు, ‘ఎవరది? కాల్‌సైన్ చెప్పకుండా నొక్కకూడదు’ అని గద్దిస్తారు. నియమం నిజమే. కానీ ‘సిగ్నల్ బాగుంది, కాల్‌సైన్ చెప్పు బాబూ’ అన్నా అదే నియమం నెరవేరుతుంది, కుర్రాడూ మిగులుతాడు.

మాట్లాడేవారిలోనూ ఘనులున్నారు. అవతలివాడు ఆపీ ఆపగానే అందుకుంటారు. మీ బీప్ వినిపించేదాకా ఆగకపోతే మాట మూడు నిమిషాలు దాటనివ్వని మీ టైమర్ మొదటికి రాదు, కాసేపటికి మీరు టపీమని నోరు మూసేసుకుంటారు. బీప్ కోసం ఆగే ఆ కాస్త సందు లేకపోతే మూడోవాడు దూరేదెలా? ఇద్దరి కబుర్లు ఇద్దరితోనే తెల్లారతాయి.

అందుకని మీ తరఫున మేమే ఒక ఏర్పాటు అనుకుంటున్నాం. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు నెట్ (అందరూ ఒకే వేళకు గాలిలో కలిసి హాజరు పలకడం), అరగంటకు మించకుండా. వారానికొకరు నడపాలి, నాలుగు వారాల వంతులు ముందే రాసిపెట్టాలి. ఒక్కరి నెత్తినే వేస్తే ఆయన ఊరెళ్ళిన వారమే నెట్‌కు తద్దినం. హాజరు కొత్తవారితో మొదలు. ‘ఫైవ్ నైన్ (సిగ్నల్ భేషుగ్గా ఉంది), థాంక్యూ’తో సరిపెట్టకుండా ప్రతివారికీ ఒక పని: 5 వాట్లతో ఒకసారి, 1 వాట్‌తో ఒకసారి పలకడం. ఏ పేట నుంచి ఎంతకు అందుతున్నారో నెల తిరక్కుండా మ్యాప్ తయారవుతుంది.

ఇంట్లోంచి అందనివారు యాంటెన్నా కట్టుకోవడానికి ఒక ఎస్ఓ-239 (కేబుల్ బిగించే) సాకెట్, అయిదు ఇత్తడి కడ్డీలు చాలు. నిలువుది 49 సెంటీమీటర్లు, చుట్టూ ఉండే నాలుగు కడ్డీలు (రేడియల్స్) 52 చొప్పున 45 డిగ్రీలు కిందికి వంచి డాబా మీద నిలబెడితే సరి. 15 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ మాత్రం లాగకండి, సగం పవర్ దారిలోనే ప్రసాదమైపోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసినప్పుడు ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున మిమ్మల్ని తట్టిలేపి, టోనెంతో వెతుక్కోవడం మావల్ల కాదు.

73 (హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలు).

ఇట్లు,
145.650లో చెవి ఒగ్గి, నోరు కట్టుకున్న మీ శ్రోతలు

తా.క.: వానాకాలం ముందు మీ యాంటెన్నా కనెక్టర్‌కు సెల్ఫ్ అమాల్గమేటింగ్ (తనకు తానే అతుక్కుపోయే) టేపు కొత్తది చుట్టాలి. కేబుల్‌లోకి నీళ్ళు దిగితే మాట్లాడని సంఘంలో ఆ సంగతి దసరాకు గానీ తెలియదు.