పొరుగు సేవలు పొరుగుకే దక్కాలి

ఔట్‌సోర్సింగ్‌ను మన పత్రికలు ‘పొరుగు సేవలు’ అంటాయి. మాట బాగుంది గానీ, నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో చిన్న పరిశ్రమలు నడిపేవారిలో చాలామంది తమ పద్దులను అప్పగిస్తున్నది హైదరాబాద్‌లో తాము ఒక్కసారి కూడా మెట్లెక్కి చూడని కార్యాలయానికి. నెలకోసారి ఫోను మోగుతుంది, ఓటీపీ అడుగుతారు, యజమాని ఆరంకెలు చదివి వినిపిస్తాడు. పన్ను రిటర్నులో ఏమి రాశారో అడగడు. పని బయటికి ఇవ్వడంలో తప్పు లేదు; ఇచ్చి కన్నెత్తి చూడకపోవడమే కొంప ముంచుతుంది.

బయటికి ఇవ్వడం ఈ నేలకు కొత్త కూడా కాదు. 2016లో జిల్లాలు విడిపోకముందు నల్లగొండలోనే ఉన్న పోచంపల్లిలో నూలును వరుసలుగా చుట్టి ఆసు పోసేది ఒక ఇల్లయితే, ఆ నూలుకు ముడులు బిగించి చిటికి కట్టి రంగులద్దేది మరో ఇల్లు, నేసేది ఇంకొకరి మగ్గం. అయితే ఎవరికి ఎంత నూలు ఇచ్చిందీ, ఎన్ని చీరలు తిరిగి రావలసిందీ షావుకారు చిట్టాలోనే ఉండేది. ఇవాళ్టి చిన్న యజమాని దీన్ని తలకిందులు చేశాడు: పనంతా తన షెడ్డులోనే చేయించుకుంటూ, చిట్టాను ఊరు దాటించాడు.

దీని ఖరీదు జీఎస్టీలో తెలుస్తుంది. 2022 జనవరి 1 నుంచి, అమ్మినవాడు తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో చూపించని బిల్లుకు కొన్నవాడికి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, దక్కదు. మిర్యాలగూడ రైస్ మిల్లులకు విడిభాగాలు చేసిచ్చే ఒక వర్క్‌షాపు లక్ష రూపాయల ఇనుము కొన్నదనుకుందాం. 18 శాతం లెక్కన ఆ బిల్లులో పన్ను 18 వేలు. అమ్మిన వ్యాపారి ఆ బిల్లు ఎక్కించకపోతే, ఇనుప దుకాణంలో కట్టిన ఆ 18 వేలు వర్క్‌షాపు పన్నులో మినహాయింపుగా రావు. నెలనెలా రిటర్ను వేసేవారికి ఏ బిల్లు ఎక్కిందో, ఏది ఎక్కలేదో 14వ తేదీన జీఎస్టీఆర్-2బీ అనే కొనుగోళ్ల పట్టికలో కనిపిస్తుంది. పన్ను కట్టే నెలవారీ రిటర్ను 3బీ వేయడానికి గడువు 20. నడుమ ఉన్న ఆ ఆరు రోజుల్లో ఇనుప వ్యాపారికి ఫోను చేసి గట్టిగా అడగవలసింది ఎవరు? నగరంలో వందల ఖాతాలు చూసే గుమాస్తాకు ఆ వ్యాపారి ఎవరో తెలియదు, తెలిసిన యజమానికి 2బీ అంటే ఏమిటో తెలియదు. రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము, కట్టవలసిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ పడేది యజమాని పేరుమీదే. నోటీసు వచ్చేదీ ఆయన చిరునామాకే. ‘మా ఆడిటర్ చూసుకుంటాడు’ అన్న జవాబును ఏ అధికారీ ఒప్పుకోడు. కూలీల విషయంలోనూ ఇంతే: కాంట్రాక్టరు ఎగ్గొట్టిన కూలి ప్రధాన యజమాని చెల్లించాలని చట్టం ఎప్పటినుంచో చెబుతోంది.

పూర్తికాలపు అకౌంటెంటుకు జీతమిచ్చే స్తోమత చిన్న సంస్థకు ఉండదనీ, నిబంధనలు తరచూ మారుతున్నప్పుడు నగరంలోని నిపుణులే మేలనీ కొందరు వాదిస్తారు. మొదటి మాట నిజమే, అందుకే పొరుగు సేవలు కావాలంటున్నాను. రెండో మాట మాత్రం నాకు నచ్చదు. నైపుణ్యం హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు లోపలే పుడుతుందన్న నమ్మకమే ఈ జిల్లాలను ఇన్నాళ్లూ వెనక్కి లాగింది.

ప్రాజెక్టులు కట్టే చోటికల్లా వలస వెళ్లి ‘పాలమూరు లేబర్’ అన్న పేరు మోసిన ప్రాంతం మహబూబ్‌నగర్. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. ఇక్కడ బీకాం చదివి, పద్దులు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ నేర్చుకున్న పిల్లలు హైదరాబాద్ అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ ఏదో ఒక కార్యాలయంలో పద్దులు రాస్తున్నారు. అందులో మన జడ్చర్ల షెడ్డు పద్దు, మన మిర్యాలగూడ వర్క్‌షాపు పద్దు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఒకప్పుడు కూలీలను బస్సెక్కించిన జిల్లా, ఇప్పుడు చదువుకున్నవాళ్లతో పాటు వాళ్లకు దొరకవలసిన పనిని కూడా బస్సెక్కిస్తోంది.

పది, పదిహేను చిన్న సంస్థలు కలిసి ఒక్క బీకాం పట్టభద్రుడికి తలా కొంత ఇస్తే ఒక మంచి జీతమవుతుంది. క్లిష్టమైన సలహా కావలసినప్పుడు ఏడాదికి రెండుసార్లు హైదరాబాద్ ఆడిటర్ దగ్గరికి వెళ్లవచ్చు. మనిషి అదే బజారులో ఉంటే, 14వ తేదీ సాయంత్రం షట్టరు దించాక యజమాని బిల్లుల కట్ట చంకన పెట్టుకుని నడిచి వెళ్లి, పక్కన కూర్చుని ఒక్కొక్క బిల్లూ సరిచూసుకోవచ్చు. ఎక్కని బిల్లు కనబడితే ఇనుప దుకాణం ఇంకా తెరిచే ఉంటుంది.