కత్తికి మందు

వైద్యచరిత్రలో అన్నిటికంటే గొప్ప ఆవిష్కరణ ఏది అంటే జనం పెన్సిలిన్ అంటారు, టీకాలంటారు. నా లెక్కలో ఆ పీట 17వ శతాబ్దపు ఇంగ్లండు దొర సర్ కెనెల్మ్ డిగ్బీ గారిది. ఆయన లోకానికి చాటిన సూత్రం ఒక్కటే: గాయానికి మందు రాయకండి, గాయం చేసిన కత్తికి రాయండి.

మందు మనకు తెలియనిదేం కాదు. ఎరువుల కొట్లో దొరికే అన్నభేదే, అంటే ఐరన్ సల్ఫేట్. దాన్ని ఎండబెట్టి పొడి చేస్తే డిగ్బీ గారి ‘సానుభూతి చూర్ణం’. జేమ్స్ హోవెల్ అనే రచయిత ఇద్దరు మిత్రుల కత్తియుద్ధం ఆపబోయి చెయ్యి కోసుకున్నాడు. డిగ్బీ ఆ చేతి జోలికే పోలేదు. నెత్తురంటిన గుడ్డ ఒకటి అడిగి తీసుకుని అన్నభేది నీళ్లలో ముంచాడు. హోవెల్‌కి మంట తగ్గిందట. ఆ గుడ్డే తీసి నిప్పు దగ్గర ఆరేస్తే, ఎక్కడో ఇంట్లో ఉన్న హోవెల్‌కి మళ్లీ మంట మొదలైందట. ఈ కథంతా డిగ్బీ గారే 1650లలో ఫ్రాన్సులోని మోంపెలియేలో పండితుల సభకు చెప్పారు. పండితులు కాబట్టి శ్రద్ధగా విన్నారు.

గిట్టనివాళ్లు దీనికీ ఒక కారణం వెతికారు. ఆ రోజుల్లో గాయాలకు పూసే లేపనాలు గాయం కంటే ప్రమాదం. మందంతా కత్తికే పోవడంతో గాయాన్ని కడిగి, శుభ్రంగా కట్టు కట్టి వదిలేశారు, అది దానంతటదే మానింది. సరే, ఒప్పుకుందాం. మందు రోగిని తాకకపోవడమే ఇక్కడ గుణం అన్నమాట. ఇంత చవకైన వైద్యం ఇంకేముంది?

1680ల చివర్లో ఎవరో ఈ చూర్ణాన్ని నౌకాయానానికీ వాడమన్నారు. కత్తితో గాయపరిచిన కుక్కను ఓడ ఎక్కించాలి. లండన్‌లో సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఆ కుక్క కట్టుగుడ్డను చూర్ణంలో ముంచాలి. సముద్రం మీద కుక్క కుయ్యోమంటుంది, కెప్టెన్‌కి లండన్ టైమ్ తెలిసిపోతుంది, రేఖాంశం లెక్క కట్టుకుంటాడు. ఎగతాళికి రాసిందంటారు గానీ, ఇంతకంటే పలచని ప్రాజెక్టు రిపోర్టులకు టెండర్లు పిలవగా చూశాం.

ఇక ఆ అన్నభేది సంగతి. గనుల్లో రాయిగా పుట్టే దీన్ని శాస్త్రజ్ఞులు మెలాంటరైట్ అంటారు. బంగారంలా మెరిసి మోసం చేసే పైరైట్ భూమిలో ఉన్నంతకాలం బుద్ధిగానే ఉంటుంది. మనం గని తవ్వి గాలీ నీరూ తగలనిస్తే అందులోని ఇనుమూ గంధకమూ కరిగి బయటపడతాయి, సూక్ష్మజీవులు ఆ పనిని ఇంకా తొందర పెడతాయి. గోడల మీద పచ్చటి పొక్కులుగా ఈ ఖనిజం పేరుకుంటుంది, కింద ఆమ్లపు నీళ్లు పారతాయి. కాలిఫోర్నియాలోని ఐరన్ మౌంటెన్ గనిలో ఆ నీటి పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే అంకె) సున్నా కంటే కిందికి, మైనస్ 3.6 దాకా పోయింది. బ్యాటరీ ఆసిడ్ కూడా దాని ముందు చల్లటి మజ్జిగ. రాయి మాత్రం గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. పొడిగాలికి తెల్లబడి పిండైపోతుంది. నీళ్లలో పడితే కరిగిపోతుంది. స్ఫటిక వైద్యులు శక్తి రాళ్లను ఉప్పునీళ్లలో కడిగి వెన్నెల్లో పెట్టమంటారు కదా, దీన్ని కడిగితే వెన్నెల్లో పెట్టడానికి గిన్నే మిగులుతుంది.

మన పూర్వీకులకు డిగ్బీ సూత్రం అందలేదు. ఆయుర్వేదం దీన్ని కాసీసం అంది, మూలవ్యాధికి కాసీసాది తైలం కాచింది. తమిళనాట సిద్ధ వైద్యులు అన్నభేదిని సెందూరమనే ఎర్రపొడి చేసి, రక్తం తక్కువై పాలిపోయినవాళ్లకు ఇచ్చారు. ఫ్రాన్సులో బ్లో అనే వైద్యుడు 1832లో అదే పదార్థంతో మాత్రలు చేసి పాలిపోయిన అమ్మాయిల చేత మింగించాడు. అందరిదీ ఒకటే చాదస్తం, మందు రోగికే ఇవ్వడం. (ఎరువుల కొట్టు సంచిలోది మాత్రం ఎవరూ నోట పెట్టుకోకండి.)

మన కాలంలో ఆ చాదస్తం తగ్గింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మందు లేక కాదు. గర్భిణులకు రోజుకొకటి చొప్పున 180 రోజులకు ఎర్ర మాత్రలు, పదేళ్లు దాటిన బడిపిల్లలకు వారానికో నీలం మాత్ర, ఒక్కోదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము. మాత్ర వేసుకుంటే కడుపులో వికారం, విరేచనం నలుపు. అందుకని చాలా మాత్రలు సంచిలోనే నిద్రపోతాయి. ఏం ఫర్వాలేదు, రిజిస్టర్లో టిక్కు పడింది, ఫొటో అప్‌లోడ్ అయింది, సమీక్షా సమావేశంలో గ్రాఫు ఆరోగ్యంగా లేచి కూర్చుంది. పిల్ల కళ్లు తిరిగి పడిపోతే అది పిల్ల తప్పు. రిజిస్టరుకి రక్తం పుష్కలంగా ఉంది.

వెనకబడిపోయింది ఒక్క రైతే. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా వేరుశనగకు అందదు, లేత ఆకులు పసుపు తిరుగుతాయి. అప్పుడతను లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి, ఎండలో పంపు భుజాన వేసుకుని, పోయి పోయి ఆ ఆకుల మీదే పిచికారీ చేస్తాడు. వారం తర్వాత పచ్చబడిందా లేదా అని మళ్లీ వెళ్లి చూస్తాడు కూడా. ఇతనికి వెంటనే శిక్షణ ఇప్పించాలి. పంపు పట్టాల్సింది పట్టాదారు పాస్‌పుస్తకం మీద.