అల్లుడుగారి డ్రిల్లు

మా అత్తగారిల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. డాబా మీద బట్టలారేసుకునే చోట, ఎప్పుడో ఆటోనగర్‌లో చెప్పి చేయించిన మందపాటి ఫైబర్ కప్పు ఒకటుంది. దానికి మొన్న వేసవిలో జానెడు పగులొచ్చింది. నేను ఎంటెక్‌లో ఫ్రాక్చర్ మెకానిక్స్, అంటే పగుళ్ల శాస్త్రం, చదివానని పెళ్లిచూపుల్లో మా నాన్న అన్న మాట మామగారికి పదేళ్లయినా గుర్తుంది, నా ఖర్మ.

"ఆటోనగర్ నుంచి మనిషిని పిలుద్దామా అల్లుడుగారూ?"

"మనిషెందుకు మామయ్యగారూ, నేనున్నాగా" అన్నాను.

నిచ్చెనెక్కి, కింద ఇద్దరూ వింటున్నారు కదా అని క్లాసు మొదలెట్టాను. 1921లో గ్రిఫిత్ గాజు పగుళ్లకి లెక్క కట్టాడు, 1957లో ఇర్విన్ పగులు కొస దగ్గర ఒత్తిడి ఎంత తీవ్రమో చెప్పడానికి కె అనే అంకె ఇచ్చాడు, పగులు నాలుగింతలైతే కె రెండింతలవుతుంది, అంచేత ఆ కొసలో గుండ్రంగా ఓ బెజ్జం పెట్టామంటే వాడి పోయి పగులు అక్కడితో ఆగుతుంది!

"ఆ గ్రిఫిత్‌గారి తాలూకు వాళ్లెవరైనా బెజవాడలో ఉన్నారేమో కనుక్కోకపోయారా" అంది అత్తయ్యగారు.

కప్పు ఇనప రేకుదైతే నా మాట నిజమే. ఇక్కడ అసలు కొస ఏదో దొరికితేగా! చివరికెళ్లేసరికి గీత మాయమై తెల్లటి మసక, అందులో రసం మామిడి టెంకకి పీచు పట్టుకున్నట్టు గాజు పీచులు పగులు రెండు అంచులనీ పట్టుకుని వేలాడుతున్నాయి. పీచులన్నీ ఒకే వైపుకుండి, వెదురు బద్దలా వాటి వెంటే చీలితే కె లెక్క పనికొస్తుంది. ఇదేమో అడ్డదిడ్డంగా పీచు పరిచి పొరలు పొరలుగా అతికించింది, పగులు పైన ఒకచోట ఆగి, లోపల పొరల మధ్య ఇంకెటో పాకుతుంది. ఇదంతా నాకు తెలుసు, పరీక్షలో రాశాను కూడా. నిచ్చెన మీద గుర్తు రాలేదు, అంతే.

మొదటి బెజ్జానికి అడుగు పొర ఊడి, చుట్టూ తెల్లగా వలయం లేచింది. దాని కోసం రెండోది, రెండోదాని కోసం మూడోది... నాలుగు బెజ్జాలయ్యాక దిగాను. దిగాక చూస్తే కింద తీగ మీద మామగారి బనియన్లు, లుంగీలు, వాటి నిండా గాజు పొడి. నేనేం మాట్లాడలేదు, దులిపి మడతపెట్టేశాను.

మర్నాడు ఆటోనగర్ నుంచి మనిషొచ్చాడు. రూపాయి బిళ్లతో కప్పంతా తడుతూ, టంగుమన్న చోట వదిలేసి, మొద్దుగా పలికినంత మేరా సుద్దముక్కతో గీత గీశాడు. లోపల పొరలు విడిపోయిందంతా కలిపి మూరెడు పైనే తేలింది, నా నాలుగు బెజ్జాలూ దాని నడిమధ్యన ఉన్నాయి. అంతా కోసి కొత్త గాజు పీచు మ్యాటు, దాన్ని అతికించే రెజిన్ వెయ్యాలన్నాడు.

"ఇంతకీ ఈ బెజ్జాలెవరు పెట్టారండీ?"

మామగారు రెండు చేతులతో వీపు గోక్కుంటూ నా వైపోసారి చూశారు.

"కోతులయ్యా."